కొమ్ము విరిచి చూస్తే: ‘పుష్ప’ సినిమాపై మా మాట

ఆర్మూరు ప్రాంతంలో పసుపు కొమ్ముకు మెరుగు పట్టి అమ్ముతారు. కొనేవాడు ఆ మెరుగును నమ్మడు. కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. 2021లో వచ్చిన ‘పుష్ప’ సినిమాను మేమూ అలాగే చూడదలిచాం.

ముందు మంచి చెప్పుకుందాం. యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చునే కూలి మన పిల్లలకు నచ్చాడు, మాకూ నచ్చాడు. తండాల్లో, గూడేల్లో పుట్టినవాళ్లకు ఆ దృశ్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అయితే అక్కడి నుంచి కథ దుంగల వెంట పోతుంది. దుంగల్ని ఏట్లో ఎలా దాచాలి, పాల బండిలో ఎలా దాటించాలి అన్నదే మనకు ఆత్రం అవుతుంది. గొడ్డలి పట్టినవాళ్లు గుంపులో కలిసిపోతారు. హీరో వాటాదారు అయ్యాక వాళ్ల బతుకేమైందని మనం అడగం.

నిజం వేరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. వారిలో జవ్వాదు కొండల మలయాళీ గిరిజనులు పలువురు. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నారు పోలీసులు. అది బూటకమన్నాయి పౌరహక్కుల సంఘాలు. ఇంత రక్తం ఉన్న కథలో కూలి మనిషి పక్కకు పోవడం చిన్న లోటు కాదు.

రెండో లోటు చెట్టుది. పసుపు తొమ్మిది నెలల పంట. ఎర్రచందనానికి చేవ పట్టాలంటే దశాబ్దాలు కావాలి. నరికిన మోడు వైపు సినిమా తిరిగి చూడదు. అడవి ఎరిగినవాళ్లు ఏది కొట్టాలి, ఏది విత్తనానికి విడవాలి, మోడు చిగురించి ఎదిగేదాకా ఎన్నేళ్లు ఆగాలి అని లెక్క చూస్తారు.

ఆ లెక్కకూ కథ ఉంది. గడ్చిరోలి జిల్లా మెండా లేఖ గోండులు 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు సాధించారు. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. ఆ చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా ఒప్పుకుంది, కలపను ఒప్పుకోలేదు. కాబట్టి మన టేకుకు ఆ దారి ఇంకా లేదు.

నిర్మల్ నుంచి వచ్చే 44వ జాతీయ రహదారి మా ఆర్మూరు మీదుగానే పోతుంది. ఉపాధ్యాయ మిత్రులారా, తరగతిలో ఈ సినిమా మాట వచ్చినప్పుడు పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి: దుంగ కొట్టినవాడికి ఎంత ముట్టింది? పర్మిట్ మీద సంతకం ఎవరిది? వాటికి జవాబు వెతికే కథ మన పిల్లలే రాయాలి.