అడుగుల్లో దాగిన నీళ్లు

వానాకాలంలో కర్నూలు, కడప జిల్లాల్లో శ్రీశైలం నీటిమట్టం చూడకుండా పేపరు మడిచేవాళ్లు తక్కువ. 854 అడుగుల మాట రాకుండా, ఆ జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు మీద చర్చ సాగదు. డ్యామ్ నిండుమట్టం 885 అడుగులు. రెండింటికీ తేడా 31 అడుగులే గనక, పైన మిగిలింది కొద్దిపాటి ఖాళీయే అనిపిస్తుంది. అడుగుల్ని అడ్డంగా, టీఎంసీల్ని నిలువుగా పెట్టి గీత గీసి చూడండి. 834 అడుగుల దగ్గర సుమారు 54 టీఎంసీలు, 854 దగ్గర సుమారు 90, 885 దగ్గర 215. అంటే కింది 20 అడుగుల్లో 36 టీఎంసీలు పడితే, పై 31 అడుగుల్లో 125 పడతాయి. పైకి పోయేకొద్దీ జలాశయం వెడల్పవుతుంది కాబట్టి గీత అంతకంతకూ నిటారుగా లేస్తుంది. డ్యామ్ నీళ్లలో సగానికి పైగా ఆ చివరి 31 అడుగుల్లోనే ఉన్నాయి. ఈ అంకెలన్నీ ఏళ్లుగా వార్తల్లో వస్తున్నవే. ఒకదానికొకటి ఏమవుతుందో మాత్రం వరుసగా చదివితే తెలియదు, పక్కపక్కన పెట్టి గీస్తేనే తెలుస్తుంది.

అందుకే చదివినదాన్ని పట్టికగా, గీతగా మార్చుకోవడం అర్థం చేసుకోవడంలో భాగమే తప్ప, అర్థమయ్యాక చేసే అలంకారం కాదంటాను. ఇంకో మాట కూడా అంటాను. ఆ అంకెల మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో, గీత కూడా వాళ్ల చేతి మీదుగానే రావాలి. దీనికి రుజువు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో 2000 దశకంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. అందులో కర్నూలు, కడప కూడా ఉన్నాయి. నడిపించడంలో ముందున్నది నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ సంస్థ. ఊళ్లో ఎంచుకున్న బోర్లలోకి పదిహేను రోజులకోసారి తీగ దించేవారు. దాని కొస నీటికి తగలగానే పరికరం మోగేది, తీగ మీది గుర్తును బట్టి లోతు రాసుకునేవారు. డ్రమ్ము పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని బోరు ఎన్ని సెకన్లలో దాన్ని నింపుతుందో చూసేవారు. వానమాపకం లెక్క రోజూ పుస్తకంలోకెక్కేది. ఆ లెక్కలన్నీ ఊరి బోర్డు మీదికి వచ్చేవి. వాన కమ్మీలూ నీటిమట్టం గీతా ఒకే కాగితం మీద పడితే, వాన వెలిసిన ఎన్నాళ్లకు నీరు పైకొచ్చింది, మోటార్లు ఆడిన కొద్దీ ఎంత దిగింది అన్నది చూపుకే అందుతుంది. అదే సంగతి శాఖ నివేదికలో పేరాల కొద్దీ ఉన్నా, రైతు తన బోరును అందులో పోల్చుకోలేడు.

రబీకి ముందు జరిగే నీటి బడ్జెట్ సమావేశం ఈ పనికంతటికీ గుండెకాయ. ఒకవైపు వాన వల్ల భూమిలోకి చేరిన నీరు, మరోవైపు ఎవరెవరు ఏ పంట ఎన్నెకరాలు వేస్తారో ఆ పంటలకు కావలసిన నీరు. ఆ లెక్క ఎంత పదునైనదో మోటుగానైనా ఒకసారి వేసి చూద్దాం. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, గట్టి రాతి నేలల్లో లోపలికి ఇంకేది పదోవంతు అటూ ఇటూ, అంటే 70 మిల్లీమీటర్లు. బోరు కింద వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. ఆ ఒక్క ఎకరానికి పదిహేడు ఎకరాల మీద ఇంకిన వాన కావాలి. మడిలో పెట్టిన నీరు కొంత మళ్లీ కిందికి దిగుతుంది గనక అసలు సంఖ్య కాస్త తగ్గవచ్చు. అయినా ఒక పక్క ఒక గడి, ఎదురుగా పదిహేడు గడులు గీసి చూపిస్తే వరి మానుకోమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఆ ప్రాజెక్టు కూడా ఎవరికీ ఏ పంటా వద్దని చెప్పలేదు. మూడేళ్ల కాలంలో 42 శాతం పరీవాహక యూనిట్లు రబీ నీటి వాడకాన్ని వరసగా తగ్గించుకున్నాయని, 51 శాతం కొన్నేళ్లు తగ్గించాయని, పెరిగినవి 7 శాతమేనని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక రాసింది.

చదువురాని రైతుకు గ్రాఫు ఏం అర్థమవుతుందని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న నాకు బాధ కలిగిస్తుంది. ఉగాదినాడు ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత అని గడులు చూసి చెప్పుకునే జనానికి పట్టిక కొత్త కాదు. కావలసిందల్లా గడిలోని అంకె తనదని తెలియడం. పదోవంతు లెక్క ప్రతి చేనుకూ సరిపోదు గదా అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. నిజమే, ఒక చేను కింద సున్నపురాయి, పక్క చేను కింద పలకరాయి ఉండే నేలలివి. అయితే బోర్డు మీది అంచనా తప్పయితే మరుసటేడు బోర్డు మీది నీటిమట్టమే దాన్ని పట్టిస్తుంది. అంచనా ఎక్కడా రాయకపోతే తప్పు దిద్దుకునే దారే ఉండదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. నీళ్లు తగ్గాయని తెలిసినంత మాత్రాన ఎవరు మోటారు ఆపుతారు? నేను ఆపితే పక్కవాడు తోడుకుంటాడు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, తోడినందుకు బిల్లు భయం కూడా లేదు. సమాచారం ఒక్కటే చాలదన్న మాటను నేను ఒప్పుకుంటాను. కట్టుబాటు ఉండాలి. కానీ బొమ్మ లేని కట్టుబాటు గతేమిటో నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం చూపిస్తోంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదన్నది 2002 నాటి ఆ చట్టంలో ఒక చిన్న నిబంధన. ఊరి పటం మీద తాగునీటి బోరు చుట్టూ ఆ దూరంతో సున్నా చుడితే దాదాపు 48 ఎకరాలు లోపల పడతాయి. తన చేను ఆ సున్నాలో ఉందో లేదో రైతుకు చట్టం చదివితే తెలియదు, పటం చూస్తే క్షణంలో తెలుస్తుంది. రిగ్గు రాకముందే తెలిస్తే తగువుండదు, వచ్చాక తెలిస్తే తగువే మిగులుతుంది. పక్కవాడు ఎంత తోడుతున్నాడో ఇద్దరూ ఒకే బోర్డు మీద చూడగలిగినప్పుడే వాళ్ల మధ్య ఒప్పందం అన్న మాటకు చోటు దొరుకుతుంది.

ఇప్పుడు భూగర్భజల శాఖ యంత్రాలే నీటిమట్టం కొలిచి కంప్యూటర్లకు పంపుతున్నాయి, మళ్లీ తీగలు దించడమెందుకని అనవచ్చు. యంత్రం లెక్క కచ్చితంగా ఉంటుంది, అది ఉండాల్సిందే. కానీ ఎక్కడో తెర మీద కదిలే గీతకు, ఊళ్లో కొలిచి ఊళ్లోనే పెయింటుతో రాసిన గీతకు ఉన్న తేడా నమ్మకంలో ఉంది. హైస్కూల్లో పిల్లలు పాఠ్యపుస్తకం ఇచ్చిన అంకెలతో కమ్మీ రేఖాచిత్రాలు గీస్తూనే ఉన్నారు. వాటి బదులు తమ మండలం వానతో, తమ ఊరి బోరు లోతుతో గీయమంటే అదనంగా ఖర్చేమీ లేదు. గ్రామ సచివాలయం గోడ మీద పథకాల లబ్ధిదారుల జాబితాలు అంటిస్తూనే ఉన్నారు. ఆ పక్కనే ఏటా అక్టోబరు ఆఖరుకు ఆ యేటి వాన, నాలుగు బోర్ల లోతు, రబీకి ఎవరు ఏ పంట ఎన్నెకరాలు అనుకుంటున్నారో చూపే ఒక పట్టిక వేయిస్తే, విత్తనం కొనకముందే ఊరు దాన్ని చూసి మాట్లాడుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.