అర గ్రాము తాళజ్ఞానం

ముక్కు మొదలుకు సూటిగా వెనక, పుర్రె అడుగున, ఎముకలో ఒక చిన్న గుంట ఉంది. అందులో కూర్చున్న పిట్యుటరీ గ్రంథి బరువు సుమారు అర గ్రాము. పాఠ్యపుస్తకాలు దాని హార్మోన్లను పట్టికగా వేసి వదిలేస్తాయి: ఇది ఎదుగుదలకు, ఇది థైరాయిడ్‌కు, ఇది అండాశయానికి. పట్టిక చదివితే మార్కులు వస్తాయి గాని రసం అందదు. ఎప్పుడు పలకాలో, ఎంతసేపు ఊరుకోవాలో తెలియడంలోనే దీని సొగసంతా ఉంది.

పుట్టుకలోనే చమత్కారం చూడండి. పిండంలో నోటి పైకప్పు నుంచి ఒక పొర పైకి లేస్తుంది, మెదడు అడుగు నుంచి మరొకటి కిందికి దిగుతుంది. రెండూ కలిసి ఒక్క గ్రంథి అవుతాయి. ముందు భాగం తన హార్మోన్లు తానే తయారు చేసుకుంటుంది. వెనక భాగం మాత్రం పైన మెదడులోని హైపోథలామస్ చేసి పంపిన ఆక్సిటోసిన్‌ను, వాసోప్రెసిన్‌ను దాచి అదను చూసి వదులుతుంది. థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్, అండాశయాన్ని నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ మూడింటిలోనూ ఆల్ఫా గొలుసు ఒకటే; బీటా గొలుసు మారితే గమ్యమే మారిపోతుంది. శ్లేషకవులు మెచ్చే పొదుపు ఇది.

పగటివేళ పిల్లల రక్తంలో పిట్యుటరీ వదిలే గ్రోత్ హార్మోన్ చాలాసేపు దాదాపు కనిపించదు. రాత్రి గాఢనిద్ర పట్టిన కాసేపటికి ఉవ్వెత్తున లేస్తుంది. కాలేయంలో ఐజీఎఫ్-1 అనే మరో ఎదుగుదల హార్మోన్‌ను పుట్టిస్తుంది. దాంతో మోకాలి దగ్గర ఎముకల చివర మృదులాస్థి కణాలు వరసలు కట్టి పెరుగుతాయి, వెనక వరసలు ఎముకగా గట్టిపడతాయి. ఈడొచ్చాక ఈస్ట్రోజెన్, మగపిల్లల్లో కూడా, మొదట ఈ ఎదుగుదలకు ఊపునిస్తుంది. చివరికి ఆ మృదులాస్థిని మూసేసేదీ అదే. ఎత్తుగడ చేసిన చేతిదే ముక్తాయింపు!

జీవక్రియ దగ్గరికొస్తే పిట్యుటరీ చెవి ఎంత నిశితమో తెలుస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్ కాస్త తగ్గితే చాలు, టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ల్యాబు రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్ ఎక్కువైందని కంగారు పడతాం. చాలామందిలో జరిగింది తలకిందులు: థైరాయిడ్ మందగించింది, పిట్యుటరీ గొంతు పెంచింది.

అన్నిటికన్నా రమ్యమైన ఘట్టం సంతానోత్పత్తిది. 1978లో ఎర్న్‌స్ట్ క్నోబిల్ బృందం రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగం ప్రచురితమైంది. వాటి హైపోథలామస్‌ను దెబ్బతీసి, అది పిట్యుటరీకి పంపే సంకేత హార్మోన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను బయటి నుంచి ఇచ్చారు. ఎడతెగని ధారగా ఇస్తే పిట్యుటరీ మూగబోయింది. అదే హార్మోన్‌ను గంటకోసారి ఆరు నిమిషాల పాటు ఇచ్చేసరికి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తిరిగి పలికాయి. మృదంగం మీద చెయ్యి ఎత్తకుండా అదిమిపెడితే నాదం ఎలా పుడుతుంది? వైద్యులు ఈ రహస్యాన్ని రెండు వైపులా వాడుకున్నారు. మరీ చిన్నతనంలో ఈడొచ్చే పిల్లలకు దీర్ఘకాలం పనిచేసే జీఎన్‌ఆర్‌హెచ్ తరహా మందుతో యవ్వనాన్ని వాయిదా వేస్తారు. హైపోథలామస్ లోపంతో సంతానం కలగనివారికి చిన్న పంపుతో విడతలుగా అందిస్తారు.

ఇక బాలింత. బిడ్డ రొమ్ము పట్టి కాసేపు చప్పరిస్తే గాని పాలు ధార కట్టవు. ఆ స్పర్శ వెన్నుపాము గుండా మెదడుకు చేరగానే పిట్యుటరీ వెనక భాగం ఆక్సిటోసిన్ వదులుతుంది. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కనుక బిడ్డ తాగని రొమ్ములోనూ పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తుంది. ఒక్కోసారి పక్కగదిలో ఏడుపు వినబడినా చాలు. అదే క్షణాన పొత్తికడుపు మెలిపెడుతుంది, గర్భసంచి ముడుచుకుంటోంది. ఈలోగా ముందు భాగం ప్రొలాక్టిన్ వదిలి తర్వాతి పూట పాలకు ఏర్పాట్లు చేస్తుంటుంది.

పిట్యుటరీకి మాస్టర్ గ్రంథి అని కిరీటం పెట్టడం అలవాటైపోయింది. పై నుంచి హైపోథలామస్ మాట, కింద నుంచి ఒళ్లంతటి మాట విన్నాకే నోరు విప్పే గ్రంథికి అధికారం కన్నా రసజ్ఞత ఎక్కువ. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్న క్షేమేంద్రుడి కొలతతో చూస్తే, మన ఒంట్లో దీన్ని మించిన కావ్యం లేదు.