షిఫ్టుల ఇంట్లో పసిబిడ్డ దినచర్య: గోదావరిఖని నేపథ్యంలో శిశుపోషణ రచనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పసిపిల్లల పెంపకంపై వెలువడిన రచనలు క్రమబద్ధమైన దినచర్యను, ఇంట్లో చేయించదగిన చిన్నచిన్న పనులను ప్రధానంగా సూచిస్తాయి. ఈ సూచనల వెనుక ఒక నిర్దిష్టమైన ఇల్లు, ఒక నిర్దిష్టమైన తల్లి, స్థిరమైన పగలు-రాత్రి ఉన్నాయి. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమైన గోదావరిఖనిలో మూడు షిఫ్టుల శ్రమవిధానం ఆ మూడింటినీ మార్చివేసింది. చలం 'బిడ్డల శిక్షణ', మాంటిస్సోరి, గిజూభాయి బధేకాల ఆలోచనలు, 2024లో వెలువడిన 'నవచేతన' చట్రం, తెలుగు మౌఖిక సంప్రదాయంలోని శిశుపోషణ రీతులు, వీటిని గని కార్మికుని ఇంటి నుంచి చదివినప్పుడు ఏవి నిలుస్తాయి, ఏవి సవరణ కోరుతాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిశుపోషణ, దినచర్య, సింగరేణి, గోదావరిఖని, షిఫ్టు, మాంటిస్సోరి, చలం, నవచేతన, లాలిపాట, శిశుశాల.

1. ప్రవేశిక

సింగరేణి ప్రాంత సాహిత్యంపై వచ్చిన విమర్శ గనిలోని శ్రమను, ప్రమాదాలను, సమ్మెలను, కార్మికోద్యమాన్ని విస్తృతంగా చర్చించింది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితల కృషి ఇందుకు బలమైన ఆధారం సమకూర్చింది. గని బయట, క్వార్టర్ లోపల జరిగే మరో శ్రమకు ఆ చర్చలో దక్కిన చోటు తక్కువ. బిడ్డకు నీళ్లు పోయడం, తినిపించడం, నిద్రపుచ్చడం, ఆడించడం అనే ఈ శ్రమ రోజూ జరుగుతుంది కనుకనే కంటికి ఆనదు. దానికి కూలి లేదు, మస్టర్ లేదు, సెలవు లేదు.

ఈ శ్రమను గురించి మాట్లాడిన రచనలు లేకపోలేదు. అవి ఎక్కువగా ఉపదేశరూపంలో ఉన్నాయి. సాహిత్యవిమర్శ సాధారణంగా ఇటువంటి ఉపదేశ రచనలను పట్టించుకోదు. అవి ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాయి, ఎవరిని విస్మరిస్తున్నాయి అన్న ప్రశ్న మాత్రం విమర్శ పరిధిలోనిదే.

2. ఉపదేశ రచనలు ఊహించిన ఇల్లు

తెలుగులో స్త్రీల పత్రికలు మొదటినుంచీ శిశుసంరక్షణకు చోటిచ్చాయి. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో ప్రారంభించిన 'గృహలక్ష్మి' ఈ ధారలో ముఖ్యమైనది. ఈ ధారకు పాఠకురాలు అక్షరాస్యురాలైన మధ్యతరగతి గృహిణి. భర్త ఉదయం వెళ్లి సాయంత్రం వస్తాడన్నది అందులో చెప్పకుండానే ఉన్న ఊహ.

చలం 'బిడ్డల శిక్షణ' ఈ ధారకు ఎదురు నిలిచిన రచన. కొట్టడం, భయపెట్టడం, నీతుల పేరుతో లొంగదీయడం ఆయన తీవ్రంగా నిరసించాడు. బిడ్డ తల్లిదండ్రుల ఆస్తి కాదన్న దృష్టి నేటికీ తెలుగు కుటుంబానికి పూర్తిగా జీర్ణం కాలేదు. అయితే ఆయన వాదన ప్రధానంగా పెద్దలకూ పిల్లలకూ మధ్య ఉన్న అధికారసంబంధంపై నిలుస్తుంది. శ్రమవేళలు, ఇంటి వైశాల్యం ఆ వాదనకు కేంద్రం కావు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే తండ్రి ఉన్న రెండు గదుల ఇంట్లో అల్లరి చేసే బిడ్డను "ఊకో" అని కసిరే తల్లిని చలం కొలమానంతో మాత్రమే కొలిస్తే ఆమె దోషిగా కనిపిస్తుంది. ఆమె అణచివేస్తున్నది బిడ్డ స్వేచ్ఛనే. అయితే ఆమె కాపాడుతున్నది మరుసటి రాత్రి గనిలోకి దిగవలసిన మనిషి నిద్రను. నిద్ర చాలని మనిషికి గనిలో పొంచి ఉన్న ప్రమాదం ఆమెకు తెలుసు. ఈ రెండు విలువల మధ్య ఘర్షణను గుర్తించని స్వేచ్ఛావాదం ఇక్కడ అసంపూర్ణమవుతుంది.

మాంటిస్సోరి పద్ధతి విషయంలో చరిత్ర మరొక విశేషాన్ని చెబుతుంది. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజోలో ఆమె మొదటి 'బాలల గృహం' తెరుచుకున్నది కార్మికుల నివాస సముదాయంలో. తల్లిదండ్రులు పనికి వెళ్లినప్పుడు ఒంటరిగా మిగిలిన పిల్లల కోసం అది ఏర్పడింది. నీళ్లు వంచడం, గుండీలు పెట్టుకోవడం, ఊడ్వడం, గుడ్డలు మడవడం వంటి నిత్యజీవన కృత్యాలు ఆ పద్ధతికి పునాది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చిన తరువాత ఆ ఆలోచన భారతదేశంలో విస్తరించింది. కార్మికవాడలో పుట్టిన పద్ధతి నేడు మన పట్టణాలలో ప్రధానంగా ఫీజులు కట్టగలిగిన వారి బడులకు నామఫలకమైంది. నునుపైన కొయ్య సామగ్రి ఆ పద్ధతికి మారుపేరైపోగా, చెంబు, చేట, తువ్వాల దాని మూలసామగ్రి అన్న సంగతి మరుగునపడింది. 1920లో భావనగర్‌లో బాలమందిరం నడిపిన గిజూభాయి బధేకా ఈ ఆలోచనను స్థానిక వస్తువులకు, కథలకు, ఆటలకు దగ్గర చేశాడు. ఆయన 'పగటి కల' తెలుగులోనూ వచ్చింది. గోదావరిఖని ఇంటికి ఇది మరింత సన్నిహితమైన మార్గం.

3. షిఫ్టు నిర్మించిన గృహకాలం

రామగుండం ప్రాంతంలో సింగరేణి తవ్వకాలు 1960 దశకం ఆరంభంలో మొదలయ్యాయి. గని చుట్టూ ఊరు పెరిగి గోదావరిఖని అయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, దూరపు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు క్వార్టర్లలో, గుడిసెలలో, కిరాయి ఇళ్లలో స్థిరపడ్డాయి. వ్యవసాయ కుటుంబంలో పొద్దు పొడుపు, పొద్దు గూకుడు పనివేళలను నిర్ణయించేవి. ఇక్కడ ఆ స్థానం షిఫ్టుది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు నడుస్తాయి. షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో వంటవేళ, నిద్రవేళ, సద్ది కట్టే వేళ మారతాయి. ఊరిలో ఉండిపోయిన అవ్వ, తాతల తోడు లేని ఇంట్లో ఈ మార్పుల బరువు తల్లిపై పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండేళ్ల బిడ్డకు రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు, నాలుగేళ్లకు 10 నుంచి 13 గంటలు కావాలి. నిద్ర, లేచే వేళలు స్థిరంగా ఉండాలని కూడా అవి చెబుతాయి. ఏడాదిలోపు బిడ్డకు తెర చూపడమే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు గంటకు మించరాదని అవే సూచిస్తాయి. రెండో షిఫ్టు దిగి రాత్రి ఇల్లు చేరిన తండ్రి కోసం మేల్కొని ఉన్న బిడ్డ, పగలు నిద్రించే తండ్రికి భంగం కలగకుండా సెల్‌ఫోన్ చేతికి అందిన బిడ్డ ఈ కొలతలకు బయట పడతారు. దీనిని తల్లి అజ్ఞానంగా చిత్రించడం సులభం. నిజానికి ఆ ఫోన్ మూడో గది లేని ఇంట్లో మూడో గది పని చేస్తోంది. కారణాన్ని వదిలి ఫలితాన్ని తిట్టే ఉపదేశం ఇంటికి చేరదు.

దినచర్య బిడ్డకు ఇచ్చేది ప్రధానంగా భరోసా. తరువాత ఏం జరుగుతుందో తెలియడమే ఆ భరోసా. గని వృత్తి ఈ భరోసాను మూలంలోనే కదిలిస్తుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. షిఫ్టు ముగిసే వేళ గుమ్మంవైపు చూడటం ఇటువంటి ఊరిలో అలవాటు మాత్రమే కాదు, ఒక భయం కూడా. పెద్దల ఈ భయం మాటల్లో చెప్పకపోయినా బిడ్డకు అందుతుంది. శిశుపోషణ రచనలు ఈ అంశాన్ని దాదాపు స్పృశించవు.

4. గంట కాదు, వరుస

ఈ పరిస్థితిలో దినచర్య అసాధ్యమని తేల్చడం సరికాదు. ఉపదేశ రచనలు దినచర్యను గడియారంతో ముడిపెట్టాయి. పసిబిడ్డకు గడియారం తెలియదు, పనుల వరుస తెలుసు. నూనె మర్దన, ఆపైన కాళ్లపై పడుకోబెట్టి నీళ్లు పోయడం, తుడవడం, పాలు, తొట్టెల, జోల అనే క్రమం తెలుగు ఇళ్లలో తరతరాలుగా సాగినది. ఒక పని పూర్తికాగానే తరువాతి పనికి బిడ్డ శరీరమే సిద్ధమవుతుంది. వేళ రెండు గంటలు జరిగినా వరుస చెదరకపోతే భరోసా నిలుస్తుంది. షిఫ్టుల ఇంటికి సంప్రదాయం ఇచ్చే అత్యంత విలువైన పాఠం ఇది.

ఈ వరుసలో తండ్రి చేయవలసిన ఒక పని ఉండటం అవసరం. మొదటి షిఫ్టు వారంలో సాయంత్రం నీళ్లు పోయడం, రెండో షిఫ్టు వారంలో ఉదయం తినిపించడం, రాత్రి షిఫ్టు వారంలో నిద్రలేచాక ఎత్తుకుని వాకిట తిప్పడం ఇందుకు ఉదాహరణలు. మారే షిఫ్టును బట్టి బాపు పని మారుతుంది, బాపు మారడు. గని దుస్తులు విప్పి, స్నానం చేసిన తరువాతే బిడ్డను ఎత్తుకోవడం బొగ్గుదుమ్ము దృష్ట్యా తప్పనిసరి నియమం.

5. ఇంటిపనే ఆటవస్తువు

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024లో విడుదల చేసిన 'నవచేతన' పుట్టుక నుంచి మూడేళ్ల వరకు 36 నెలల కార్యక్రమ క్రమంలో 140 కృత్యాలను సూచించింది. ఆటవస్తువులు కొనలేని ఇంటిని దృష్టిలో పెట్టుకోవడం దాని బలం. గోదావరిఖని ఇంట్లో ఇటువంటి కృత్యాలకు కొదవ లేదు. కూర్చోగలిగిన బిడ్డ ముందు స్టీలు గిన్నె, చెక్క గరిటె పెడితే శబ్దానికీ చేతి కదలికకూ సంబంధం తెలుస్తుంది. రాత్రి షిఫ్టు వారంలో ఆ గిన్నె స్థానంలో గుడ్డముక్కలు, వెదురు బుట్ట వాడవచ్చు. రెండేళ్ల బిడ్డ ఉతికిన చేతిగుడ్డలు మడవగలదు, కూరగాయలను ఒక గంపలోంచి మరోదానిలోకి మార్చగలదు. మూడేళ్లు దాటితే చిక్కుడుకాయలు తుంచడం, చెంబుతో మొక్కకు నీళ్లు పోయడం, బాపు సద్దిలో రొట్టె పెట్టడం చేయగలదు. సద్దిలో తన చేయి పడిందన్న ఎరుక బిడ్డను ఆ ఇంటి శ్రమలో గౌరవనీయ సభ్యునిగా నిలుపుతుంది.

ఇక్కడ రెండు హద్దులు గుర్తించాలి. మొదటిది భద్రత. పప్పుగింజలు, చింతగింజలు ఏరించే ఆట మూడేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం తెస్తుంది. నల్లా వచ్చినప్పుడు నింపి పెట్టుకునే బకెట్లు, తొట్లు తడబడుతూ నడిచే బిడ్డకు ప్రాణాంతకం కాగలవు. రెండవది శ్రమకూ ఆటకూ మధ్య గీత. బిడ్డ విసిగినప్పుడు ఆపగలిగితేనే అది ఆట. ఆడపిల్లకు చీపురు, మగపిల్లవానికి బంతి అన్న పంపకం మొదలైన చోట కృత్యం శిక్షణగా కాక శిక్షగా మారుతుంది.

6. మౌఖిక సంప్రదాయం: స్వీకారం, నిరాకరణ

తెలుగు జానపద గేయాలను శాస్త్రీయంగా పరిశీలించిన బిరుదురాజు రామరాజు వంటి పండితుల కృషి వల్ల లాలిపాటలు, పిల్లల పాటలు సాహిత్య చర్చలోకి వచ్చాయి. వాటి వస్తువు, ఛందస్సు, భాషలతో పాటు వాటి ఉపయోగాన్నీ చూడాలి. లాలి తక్కువ స్థాయి గొంతుతో, పునరావృత్తితో సాగుతుంది. పగలు నిద్రించే మనిషి ఉన్న ఇంట్లో ఇది ఎంతో అనువైన కృత్యం. వేళ్లను లెక్కించే ఆటలు, అంగాల పేర్లు చెప్పించే ఆటలు గట్టి శబ్దం లేకుండా భాషను నేర్పుతాయి. బతుకమ్మకు ముందు వచ్చే బొడ్డెమ్మ ఆడపిల్లల పండుగ. మట్టి కలపడం, పూలు ఏరడం, వరుసగా పేర్చడం అందులోని పనులు. నేడు బడులు ప్రత్యేక కృత్యాలుగా చేయిస్తున్నవి ఇవే.

సంప్రదాయాన్ని మొత్తంగా కీర్తించడం మాత్రం విమర్శ కాదు. ముర్రుపాలు పిండి పారబోయడం, పుట్టగానే తేనె నాకించడం, ఆరు నెలలు నిండకముందే ఉగ్గు పెట్టడం, ముక్కులో చెవిలో నూనె పోయడం బిడ్డకు హాని చేసేవి. ఏడాదిలోపు తేనె అసలే వద్దని వైద్యం చెబుతోంది. సాంబ్రాణి పొగ బొగ్గుదుమ్ము ఉన్న ఊరిలో పసి ఊపిరితిత్తులపై అదనపు భారం. వరుసను నిలుపుకుని పొగను వదిలేయడమే వివేకం.

7. ఇంటి హద్దు దాటిన ప్రశ్న

గృహకృత్యాల గురించి ఎంత చక్కగా రాసినా, ఆ కృత్యం చేయించే మనిషికి సమయం ఎక్కడిదన్న ప్రశ్న మిగులుతుంది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనుల నుంచి దూరం పెట్టింది. 2019 జనవరిలో కేంద్రం ఈ నిషేధాన్ని షరతులతో సడలించింది. ఆ చట్టమే స్త్రీ కార్మికుల ఆరేళ్లలోపు పిల్లలకు శిశుశాల గదులను నిర్దేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ 50 మంది లేదా అంతకు మించిన ఉద్యోగులున్న సంస్థలకు శిశుశాలను తప్పనిసరి చేసింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల అంగన్‌వాడీ పగటివేళకు పరిమితం. స్త్రీ షిఫ్టుకు వెళ్లే కాలంలో బిడ్డ సంరక్షణ పగటి పని మాత్రమే కాదు. కాంట్రాక్టు కార్మికురాలికి ఈ హక్కులు ఎంతవరకు అందుతాయన్నది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. సలహా ఇవ్వడం సులభం కనుక సలహా పెరుగుతుంది. గది కట్టడం ఖర్చు కనుక గది ఆగిపోతుంది.

8. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు:

* శిశుపోషణ రచనలు స్థిరమైన పగలు-రాత్రి గల మధ్యతరగతి ఇంటిని ప్రమాణంగా తీసుకున్నాయి. షిఫ్టుల ఇల్లు వాటి పరిధికి బయట మిగిలింది.

* చలం ప్రతిపాదించిన బాలల స్వేచ్ఛ నేటికీ విలువైనది. దానికి శ్రమవేళలు, నివాసం అనే భౌతిక పరిస్థితుల చర్చ తోడు కావాలి.

* మాంటిస్సోరి పద్ధతి కార్మికవాడలో పుట్టినది. దానిని గోదావరిఖని క్వార్టర్‌కు తెచ్చుకోవడం అనుకరణ కాదు, దాని అసలు చోటికి చేర్చడం.

* షిఫ్టుల ఇంట్లో దినచర్యకు గంటకన్నా వరుస ముఖ్యం. ఆ వరుసలో తండ్రికి నిర్ణీతమైన పని ఉండాలి.

* మౌఖిక సంప్రదాయంలో ఆట, పాట, క్రమం స్వీకరించదగినవి. బిడ్డ ఆరోగ్యానికి హాని చేసే ఆచారాలు విడువదగినవి.

* షిఫ్టు వేళలకు తగిన శిశుశాల లేకుండా తల్లులకు ఇచ్చే ఉపదేశం బాధ్యతను సంస్థ నుంచి, ప్రభుత్వం నుంచి ఇంటికి బదలాయించడమే అవుతుంది.

గని చరిత్రను టన్నులలో లెక్కించడం అలవాటైంది. ఆ బొగ్గును తవ్విన చేతులకు సద్ది కట్టి, ఆ ఇంటి బిడ్డను నిద్రపుచ్చి లేపిన శ్రమ కూడా ఆ చరిత్రలో భాగమే. సింగరేణి సాహిత్య పరిశోధన ఇకపై ఆ శ్రమను కూడా తన వస్తువుగా స్వీకరించవలసి ఉంది.