శ్రోత గొంతు – మీట ఎవరి చేతిలో?

సాహిత్య విమర్శకు రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమంతో పనేమిటని అడిగేవారుంటారు. రేడియో నాటికను గురించి, గేయాన్ని గురించి, ప్రసంగాన్ని గురించి మనవాళ్లు ఎంతో కొంత రాశారు. బుచ్చిబాబు, గోపీచంద్, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివాళ్లు ఆకాశవాణిలో కొలువు చేశారు గనుక ఆ కొలువు వాళ్ల రచన మీద వేసిన ముద్రను గురించి చర్చ జరగడం సహజమే. కాని శ్రోత ఫోను చేసి మాట్లాడే గంటను మాత్రం విమర్శకులు పట్టించుకోలేదు. అందులో రచయిత లేడు, రాతప్రతి లేదు కాబట్టి అది విమర్శ పరిధిలోకి రాదన్నది చెప్పకుండానే చెలామణి అవుతున్న అభిప్రాయం. ఈ అభిప్రాయం వెనుక ఒక వర్గ దృష్టి ఉంది. రాతప్రతి చేతిలో ఉన్నవాడి మాట సాహిత్యం, లేనివాడి మాట ఉత్త కబురు! జానపద వాఙ్మయం విషయంలో ఈ దృష్టిని వదిలించుకోవడానికే మన పండితులకు చాలాకాలం పట్టింది.

జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 1932లోనే రేడియో మీద ఒక మౌలికమైన అభ్యంతరం చెప్పాడు. రేడియో పంచిపెట్టడానికే పనికొచ్చే సాధనంగా మిగిలిపోయిందనీ, వినేవాణ్ణి మాట్లాడించగలిగినప్పుడే అది నిజమైన ప్రజా సాధనం అవుతుందనీ అతని వాదన సారాంశం. ఆ లెక్కన చూస్తే ఫోన్-ఇన్ ఆ కల నెరవేరిన రూపం కావాలి. అయిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఉత్తరాల కాలాన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఉత్తరాల రోజుల్లో శ్రోత కార్డు ముక్క రాసేవాడు. దాన్ని అనౌన్సరు చదివేవాడు. ఉషశ్రీ ‘ధర్మసందేహాలు’ విజయవాడ కేంద్రం నుంచి ఊళ్లకు ఊళ్లు కట్టిపడేసిన కార్యక్రమం. ఆయన గొంతులోని నిండుదనాన్ని ఎవరూ కాదనలేరు. కాని అక్కడ వినిపించింది ఆయన గొంతే. సందేహం శ్రోతది, దాన్ని పలికిన భాష రేడియోది. పల్లెటూరి రైతు రాసినా, పట్నంలో గుమాస్తా రాసినా కార్డులోని మాట స్టూడియోలోకి వచ్చేసరికి ఒకే రకమైన శిష్ట వ్యావహారికంగా మారేది. రాయడం రానివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాడికి సందేహమే లేదని రేడియో భావించినట్టు లెక్క.

ఫోను వచ్చాక ఈ గోడ కూలింది. అక్షరం రాకపోయినా ఫోను చేయవచ్చు. శ్రోత యాస, తడబాటు, దగ్గు, వెనకాల గేదె అరుపు, పిల్లాడి ఏడుపు – ఇవన్నీ మొదటిసారి యథాతథంగా గాలిలోకి వెళ్లాయి. తెలుగు ప్రసార చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు. దీన్ని అభ్యుదయకరమైన మార్పుగా ఒప్పుకున్న తర్వాతే దాని పతనాన్ని గురించి మాట్లాడే హక్కు మనకు వస్తుంది. లేకపోతే మన విమర్శ, “ఆ రోజుల్లో రేడియో భాష ఎంత బాగుండేది” అనే పెద్దమనుషుల నిట్టూర్పులో కలిసిపోతుంది.

ఇప్పుడు ప్రైవేటు ఎఫ్‌ఎంలో సాగే సంభాషణను తీసుకుందాం. మచ్చుకు రాస్తున్నానే గాని, వినే అలవాటున్న ఎవరికైనా ఇది కొత్తగా ఉండదు.

“హాయ్, ఎవరు మాట్లాడుతున్నారు?”

“నేను శ్రీను సార్, బోరబండ నుంచి.”

“శ్రీనూ! ఏం చేస్తుంటావ్?”

“ఆటో నడుపుతా సార్. ఇప్పుడే కిరాయి దింపి...”

“ఆటోనా, సూపర్! లవ్ ఉందా, పెళ్లయిందా?”

“పెళ్లయింది సార్.”

“అయితే అయిపోయావ్! ఏ పాట వేయమంటావ్?”

ఆటో నడిపే మనిషి నోట “ఇప్పుడే కిరాయి దింపి” అన్న మాట వచ్చింది. అది ఒక కథకు మొదటి వాక్యం. ఎక్కడ దింపాడు, ఎంత వచ్చింది, గ్యాసుకెంత పోయింది, ఫైనాన్సువాడికి ఎంత కట్టాలి – అడిగితే పది నిమిషాల్లో నగరం మొత్తం బయటికొచ్చేది. ఆర్జే అడగలేదు. పైగా వాక్యాన్ని మధ్యలో తుంచాడు. ఈ కార్యక్రమాల శిల్పమంతా ఈ తుంచడంలోనే ఉంది. శ్రోత పేరు కావాలి, ఊరు కావాలి, నవ్వు కావాలి. వాక్యం మాత్రం అక్కర్లేదు. మనిషిని పిలిచి అతని చేత హాజరు పలికించుకుని పంపేయడం ఇది. పని మనిషి ముందు వినయంగా మాట్లాడని అలవాటు ఒకటి మన సమాజంలో ఉంది గదా – శ్రీను ‘సార్’ అంటాడు, ఆర్జే ‘నువ్వు’ అంటాడు. అదే కంపెనీ మేనేజరు ఫోను చేస్తే ‘మీరు’ వచ్చేస్తుంది. ఈ సర్వనామాలను జాగ్రత్తగా వినండి. సాంఘిక చరిత్ర అంతా వాటిలో వినబడుతుంది.

ఇంతకంటే హీనమైంది ప్రాంక్ కాల్. తెలియని మనిషికి ఫోను చేసి, అప్పు తీర్చలేదనో, ఉద్యోగం పోయిందనో బెదిరించి, అతను కంగారుపడుతుంటే ఊరందరికీ వినిపించి నవ్వించడం. ఈ ఎగతాళికి ఎక్కువగా బలయ్యేది భయపడడానికి నిజమైన కారణం ఉన్నవాడే. అప్పు లేనివాడు అప్పు పేరు చెబితే కంగారుపడడు. హాస్యానికి వస్తువు ఇక్కడ పేదవాడి భయం. దీన్ని గురించి ఇంతకంటే రాయడం దండగ.

భాషను గురించి ఒక మాట. ఆర్జేలు ఇంగ్లీషు కలిపి మాట్లాడుతున్నారని కొందరు పండితులు బాధపడుతుంటారు. నాకు ఆ బాధ లేదు. బస్సులో, ఆఫీసులో, కాలేజీలో జనం అలాగే మాట్లాడుతున్నారు. అసలు జబ్బు మరోచోట ఉంది. ‘రెండున్నర జిల్లాల భాష’ మీద తెలంగాణ ఎంత పోరాడిందో మనకు తెలుసు. 2014లో రాష్ట్రం వచ్చాక యాసకు మైకు దొరికింది, నిజమే. కాని చాలా కార్యక్రమాల్లో ఆ యాస నవ్వు పుట్టించే పాత్రకు తొడిగిన వేషంగానే మిగిలింది. డాక్టరు జవాబు చెప్పేటప్పుడు, బ్యాంకు అధికారి పథకం వివరించేటప్పుడు మళ్లీ పాత భాషే. ఉత్తరాంధ్ర యాస, రాయలసీమ యాస పరిస్థితి దీనికంటే మెరుగ్గా లేదు. యాసను పరిహాసానికి, ‘మంచి’ భాషను విజ్ఞానానికి పంచిపెట్టినంతకాలం ఎన్ని గంటల యాస వినిపించినా అది గౌరవం కాదు.

ఇదంతా ఆర్జేల అభిరుచి లోపం అని తేల్చేస్తే విమర్శ సగంలో ఆగినట్టే. ఆర్జే కూడా జీతానికి పనిచేసే మనిషి. ఆ కుర్రవాడి నోటికి హద్దులు గీసిన చేతులు ఎవరివో చూడాలి.

1995 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తిని ప్రభుత్వం ఏం చేసింది? వేలం వేసింది. 1999 విధానంతో ప్రైవేటు ఎఫ్‌ఎంకు తలుపు తెరిచింది. 2005 విధానంలో ప్రవేశ రుసుము, ఆపైన ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం అని ఖరారు చేసింది. అయితే ఒక షరతు – వార్తలు, వర్తమాన రాజకీయ వ్యవహారాలు మాట్లాడరాదు. అంటే గాలిని అమ్మారు గాని, మాటను అమ్మలేదు. పాటలు, ప్రకటనలు, నవ్వులు – వీటికి మాత్రమే లైసెన్సు. 2011లో వచ్చిన మూడో దశ విధానం కొంత సడలించిందన్నారు. ఆ సడలింపు ఎలాంటిదో చూడండి: ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, అలాగే స్థానిక యంత్రాంగం అందించే కరెంటు, మంచినీళ్ల ప్రకటనలు ఇక వార్తలు కావట, చెప్పుకోవచ్చు. ఆకాశవాణి వార్తలను ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి వినిపించవచ్చు. అంటే రేపు ఫలానా బస్తీకి నీళ్లు రావని ఆర్జే చెప్పవచ్చు. ఎందుకు రావని ఆ బస్తీ మనిషి ఫోను చేసి నిలదీస్తే అది వర్తమాన వ్యవహారం! లైను ఎందుకు తెగుతుందో, పాట ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

దీనికి తోడు ఆకాశవాణి ప్రసార నియమావళి ఒకటుంది. దాన్ని ప్రైవేటు కేంద్రాలూ పాటించాలి. పరమత దూషణ, అశ్లీలం, హింసకు ప్రేరేపించడం కూడదన్న నియమాలతో ఎవరికీ పేచీ లేదు. కాని అదే జాబితాలో కేంద్ర ప్రభుత్వాన్ని గాని, ఏ రాష్ట్ర ప్రభుత్వాన్ని గాని ద్వేషభావంతో విమర్శించరాదన్న నియమం కూడా ఉంది. ద్వేషభావం ఎక్కడ మొదలవుతుందో తేల్చేది ఎవరు? స్టూడియోలో మీట దగ్గర కూర్చున్నవాడు. అతని వెనకాల ఉద్యోగభయం. ఫోన్-ఇన్‌లో వినిపించని పాత్ర ఒకటుంది. మన కాల్ ముందుగా ఎత్తేది ప్రయోక్త కాదు. పేరు, ఊరు, అడగబోయే విషయం ముందే కనుక్కుని, ఎవరిని లోపలికి పంపాలో నిర్ణయించే సహాయకుడు. పత్రికలో సంపాదకుడి పేరు అచ్చవుతుంది. ఈ సంపాదకుడికి పేరు లేదు, గొంతు లేదు. తిరస్కరించిన మాటకు తిరుగు టపా కూడా లేదు.

ఆకాశవాణి స్థానిక కేంద్రాల్లో వ్యవసాయ ఫోన్-ఇన్ సంగతి వేరు. 2004 ఫిబ్రవరిలో ‘కిసాన్ వాణి’ మొదలైంది. అదే ఏడాది జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి. రెండింటికీ రైతు ఫోను చేసి ప్రశ్న అడగవచ్చు. రెండూ ఒకటే గదా అనిపిస్తుంది. కావు. కాల్ సెంటర్‌లో ప్రశ్న ఒక చెవికి మాత్రమే చేరుతుంది. రేడియోలో అదే ప్రశ్న జిల్లా మొత్తం వింటుంది. “మా పత్తి చేన్ల గులాబీరంగు పురుగు పడ్డది సార్” అని ఒకరు అంటే, ఆ మాట విన్న ప్రతి రైతుకూ ఇది తన ఒక్కడి తలరాత కాదని తెలుస్తుంది. ఒంటరి కష్టం అందరి కష్టంగా మారే క్షణం అది. మంచి కథ చేసే పని కూడా ఇదే. పైగా ఈ రైతు వాక్యం పూర్తవుతుంది. శాస్త్రవేత్తకు ఆ వివరం కావాలి గనుక ఎవరూ తుంచరు – ఎప్పుడు విత్తారు, నేల ఏది, ఆకు అడుగున ఏం కనిపించింది? వినడంలోని శిల్పం ఏమిటో తెలుసుకోవాలంటే కొత్త కథకులు ఈ అరగంట వినాలి.

అయితే ఇక్కడ కూడా గీత ఉంది. పురుగును తట్టుకుంటుందని చెప్పి అమ్మిన బీటీ విత్తనం 2017 నాటికి గులాబీరంగు పురుగుకు లొంగిపోయిందని ఊరూరా తెలిసింది. “మరి ఎక్కువ ధర పెట్టి ఆ విత్తనం ఎందుకు కొన్నట్టు సార్?” అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దానికి వచ్చే జవాబు లింగాకర్షక బుట్టలు పెట్టమని, ఫలానా మందు లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు కలిపి కొట్టమని. జవాబు తప్పు కాదు. కాని ప్రశ్న విత్తన కంపెనీ గురించి, జవాబు పురుగు గురించి. శాస్త్రవేత్త నిజాయితీపరుడే కావచ్చు. తన కుర్చీకి ఎంతవరకు మాట్లాడే వీలుందో ఆయనకు తెలుసు. ‘ఎలా’ అన్నదానికి రేడియో తలుపు తెరిచి ఉంది, ‘ఎందుకు’ అన్నదానికి మూసి ఉంది.

మరి ఆంక్షలన్నీ ఎత్తేస్తే సరిపోతుందా? ఇక్కడ తొందరపడి అవునంటే అమెరికా అనుభవాన్ని మరిచిపోయినట్టు. అక్కడ ఫోన్-ఇన్ ఊరూరా పెరిగిన ప్రక్రియ. వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలన్న నియమాన్ని 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాది రష్ లింబా కార్యక్రమం దేశవ్యాప్త ప్రసారంగా మొదలైంది. 1996 చట్టం ఒక్క కంపెనీకి దేశంలో ఎన్ని కేంద్రాలుండవచ్చన్న పరిమితిని తీసేసింది. క్లియర్ ఛానెల్ అనే కంపెనీ చేతికి వెయ్యికి పైగా కేంద్రాలు వెళ్లాయి. ఊరి ప్రయోక్త ఉద్యోగం పోయి, ఎక్కడో కూర్చున్న ఒక్క గొంతు వందల ఊళ్లలో ‘స్థానిక’ రేడియో అయింది. ఫోను చేసేవాళ్లు అక్కడా ఉన్నారు – ప్రయోక్త కోపానికి తాళం వేయడానికి. మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది, సొంతదారు మారలేదు. మన దగ్గర 2023 సెప్టెంబరులో ట్రాయ్, ప్రైవేటు ఎఫ్‌ఎంలో గంటకు 10 నిమిషాలకు మించకుండా వార్తలకు అనుమతి ఇవ్వవచ్చని సిఫారసు చేసింది. ఆ పది నిమిషాలు ఎవరివన్న ప్రశ్న ఆ సిఫారసులో లేదు.

ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబు చెప్పినవాళ్లు జహీరాబాద్ దగ్గర మాచునూరులో ఉన్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. స్టూడియో అంతకు పదేళ్ల ముందే సిద్ధమైంది. లైసెన్సు లేక అంతకాలం క్యాసెట్ల మీద నడిపారు. దాన్ని నిలబెట్టిన ఇద్దరి పేరూ నర్సమ్మే. వాళ్లు శ్రోత ఫోను కోసం ఎదురుచూడరు, మైకు పట్టుకుని ఊళ్లకు పోతారు. సామలు, కొర్రలు, జొన్నలు విత్తే ఆడమనిషిని ఆమె అరుగు మీదే మాట్లాడిస్తారు. అడిగే ఆమెదీ, చెప్పే ఆమెదీ ఒకటే యాస, ఒకటే పని. కనుక ‘సార్’ లేదు, ‘సూపర్’ లేదు. వాక్యం మధ్యలో నిశ్శబ్దం వస్తే దాన్ని పాటతో పూడ్చరు. నేను చెప్పే నాణ్యత ఇది. యంత్రం ఖరీదుకూ, ప్రయోక్త చలాకీతనానికీ దీనితో సంబంధం లేదు.

అయినా కమ్యూనిటీ రేడియో మీద కూడా వార్తల నిషేధం ఉంది. విత్తనాలు ఎలా దాచాలో ఈ మహిళలు ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. తమ మండలంలో రేషన్ బియ్యం ఎక్కడికి పోతున్నాయో మాట్లాడుకుంటే లైసెన్సుకు ముప్పు. ట్రాయ్ పది నిమిషాల లెక్క వేలంలో గాలిని కొనుక్కున్న కంపెనీల కోసం వేసింది. పత్రికా స్వేచ్ఛ మీద తీర్మానాలు చేసే మన రచయితల సంఘాలు ఈ నిషేధం మీద చేసిన తీర్మానాలు వెతికినా దొరకవు. తరువాతి మహాసభలోనైనా ఒకటి పెట్టవలసింది.