మనం, మేము, మీరు

ఉర్దూలో 'హమ్' ఒక్కటే. ఎదుటివాడు అందులో ఉన్నాడో లేడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. తెలుగులో అలా కాదు. కలుపుకుంటే 'మనం', పక్కన పెడితే 'మేము'. నోరు తెరవగానే తలుపు తీశారో వేశారో తెలిసిపోతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మాకు ఈ తేడా రోజూ తగులుతూనే ఉంటుంది.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు మేము పిడికెడు మందిమి. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. ఇక్కడ మాతో మర్యాదగానే మాట్లాడతారు. మా విమర్శ ఆ మర్యాద మీదే.

"ఏ ఊరండీ మీది?"

"టెక్కలి."

"అది కాదు, అసలు మీది?"

ఈ రెండో 'మీది' ఎవరిది? తెలుగులో 'మీరు' గౌరవమూ అవుతుంది, బహువచనమూ అవుతుంది. మీకది అలవాటైన మన్నన. మాకు మాత్రం విన్న ప్రతిసారీ లెక్క చూసుకోవలసిన మాట: ఎదురుగా ఉన్న ఒక్కరినా, మొత్తం కౌమునా? "మీరు తెలుగు బాగా మాట్లాడతారే!" అంటే ఆ అనుమానం కూడా మిగలదు. ఇక్కడ పుట్టినవాళ్లం తెలుగు మాట్లాడితే మెచ్చుకోలు దేనికి?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడితోటలనీ కూల్చినప్పుడు మేమూ 'మనం'లోనే ఉన్నాం. కిడ్నీ జబ్బు మాట వస్తే 'మన ఉద్దానం'. నష్టంలో మనం. ఓటు దగ్గరా, చరిత్ర దగ్గరా 'మీవాళ్లు'. పాకిస్తాన్‌తో క్రికెట్ ఉన్న రోజు మరీను.

మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 'ఆప్', 'తుమ్', 'తూ' అని మూడు మెట్లు కట్టి, దానికి తహజీబ్ అని పేరు పెట్టుకున్నది మేమే. ఉర్దూ రాని దూదేకులవాళ్లని 'హమ్'లో కలుపుకోవడానికి వెనకాడిందీ మేమే. ఇక జీడిపిక్కలు కొట్టే కూలి ఆడమనిషిని 'అది' అనడంలో హిందువుకీ ముస్లిముకీ తేడా ఏమీ లేదు. ఆమె ఎవరి 'మనం'లోనూ లేదు.

'నువ్వు'ని 'మీరు'గా మార్చినంత మాత్రాన పని అయిపోదు. గౌరవం గడప అవతల నిలబెట్టి కూడా ఇవ్వొచ్చు. అడగవలసింది ఒక్కటే: తుఫాను లేని రోజున కూడా ఆ 'మనం'లో ఎవరెవరున్నారు?

ఇంతసేపూ 'మేము' అనే రాశాం, ఇష్టపడి కాదు. మేమొక్కరమే 'మనం' అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాశీబుగ్గ బజారు కూడా ఒప్పుకోవాలి కదా! ఆ మాట ఇప్పుడు మీ వైపు నుంచి రావాలి.