కింది షడ్జమం

తిరుత్తణిలో మా ఇంటి ముందుగదిలో ఓ ఆంప్లిఫైయర్ ఉంది. రేకు పెట్టె, రెండు 4440 ఐసీలు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. క్యాసెట్ల కాలంలో నాయన చేయించుకున్నది. 1960 ఏప్రిల్ 1న మా ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. బడిలో, ఆఫీసులో, అంగట్లో అరవమే. మా చెవికి తెలుగు దొరికేది ఎక్కువగా ఆ పెట్టెలోంచే. అందుకే అది మూలపడితే నాకు ఊపిరాడదు.

ఆడి కృత్తిక వారంలో అమ్మ అంది, "పాట కింద ఏందో హోరు వస్తా ఉండాది, నాయనా" అని.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూశాను. హోరు తగ్గలేదు. అంటే జబ్బు ప్లేయర్‌లోనో, దాని వైర్లలోనో కాదు. వాల్యూమ్ కంట్రోల్ దాటాక ఎక్కడో ఉంది. అంతవరకు సరిగ్గానే ఆలోచించాను. ఆ తర్వాతంతా ఊహ. ఐసీ పోయుంటుందనుకొని లోకల్ ట్రైన్ ఎక్కి, అరక్కోణం, తిరువళ్లూరు మీదుగా సెంట్రల్‌లో దిగి, అణ్ణాసాలై పక్కన రిచీ స్ట్రీట్‌లో రెండు కొన్నాను. ఒక్కో ఐసీకి 14 కాళ్లు. బోర్డు మీది రాగి గీత లేచిపోకుండా ఒక్కొక్క కాలి సీసం కరిగించి లాగడం ఓ పూట పని. చేశాను. హోరు రవ్వంత కూడా కదల్లేదు.

ఈసారి ఫిల్టర్ కెపాసిటర్ మీద పడ్డాను. 2200 మైక్రోఫారడ్‌ది తీసి 4700ది వేశాను. హోరు దాదాపు పోయింది. అమ్మ ముఖం విప్పారింది, నేనూ పొంగిపోయాను. రెండు వారాలకు, నాదస్వరం పెట్టి కాస్త గట్టిగా పెంచితే, దాని కింద మళ్లీ అదే హోరు. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించలేనంత వేడి.

తిరువళ్లూరులో మైకు సెట్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. పెట్టె ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన మీటరు ముట్టలేదు. వాల్యూమ్ కొద్దిగా పెంచి, ఇన్‌పుట్ వైరు కొసను వేలితో తాకారు. స్పీకర్ హోరుమంది. వేలు తీసి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి, మిగిలిన హోరు వినమన్నారు.

"రెండూ ఒకే స్థాయి. విన్నావా తమ్ముడూ?"

విన్నాను. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. వేలు పెడితే పలికేది అదే. 12-0-12లో రెండు డయోడ్లు చెరో అరవంతు కరెంటు అందిస్తే కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. అప్పుడు మిగిలే హోరు సరిగ్గా ఒక స్థాయి పైన, పై షడ్జమంలో పలకాలి. నా పెట్టె కింది షడ్జమం పట్టుకొని కూర్చుంది. అంటే ఒక పక్క కరెంటు అందడం లేదు.

డయోడ్లు రెండూ బాగానే ఉన్నాయి. ఆయన వెదురు పుల్లతో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే వైర్లను ఒక్కొక్కటే కదిపారు. ఒకదాని దగ్గర హోరు తటాలున మారింది. సీసం చుట్టూ వెంట్రుకంత పగులు. డ్రై సోల్డర్. స్విచ్చి ఆపి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, కాస్త సీసం పెట్టారు. అంతే. ఒక్క కొత్త పార్టూ అక్కర్లేకపోయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఐసీ కాదు, ఆ 4700. ఐసీ మార్చినా హోరు అలాగే ఉండి, నా ఊహ తప్పని వెంటనే చెప్పింది. కెపాసిటర్ అలా చెప్పలేదు. ఒక పక్క కరెంటు ఆగితే కెపాసిటర్ 10 మిల్లీసెకన్ల బదులు 20 దాకా తానే బరువు మోయాలి. నేను దాని సామర్థ్యాన్ని రెట్టింపు చేశాను, లోటు సరిగ్గా పూడింది. పగులు అలాగే ఉంది, బరువంతా మోస్తున్న ఒక పక్క చుట్ట కాగిపోతూనే ఉంది. నేను మాత్రం బాగుచేశానని నమ్మాను.

పాత 2200నే మళ్లీ వేయమని అడిగాను. ఆయన నా వంక ఒకసారి చూసి, వేశారు. వాల్యూమ్ సున్నాలో ఉంచి ఇద్దరం స్పీకర్‌కు చెవి ఆనించాం. చాలా సన్నగా, పై షడ్జమంలో పలుకుతోంది.