ముత్తాత దగ్గర తడబాటు

సొంత గొప్పలు మొదలెట్టినవాణ్ని “నీ ప్రవర ఎవడడిగాడోయ్!” అని ఆపేస్తారు. కె.కోటపాడు చుట్టుపక్కల పెళ్లి పందిట్లో మాత్రం అడిగేవాడొకడున్నాడు, పురోహితుడు. కన్యాదానానికి ముందే రెండువైపులవారి చేతా చీటీ రాయించుకుంటాడు: గోత్రం, ముత్తాత, తాత, తండ్రి. గోత్రాన్నిబట్టి ప్రవరలో చెప్పే ఋషుల పేర్లు ఆయనకు నోటికే వచ్చు. తడబాటంతా ముత్తాత దగ్గరే. “అందరూ పెద్దాయన అనేవారండి” అంటాడు పెళ్లికొడుకు తండ్రి. అసలు పేరు కోసం ఊరికి ఫోను వెళుతుంది.

ఈ శీర్షిక రాసేవాడికీ తన ముత్తాత పేరు మొన్నమొన్నటిదాకా తెలియదు.

భారద్వాజ గోత్రీకుడి ప్రవరలో ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ అని ముగ్గురు ఋషులు. శ్రీవత్స గోత్రానికి భార్గవ, చ్యావన, ఆప్నవాన, ఔర్వ, జామదగ్న్య అని అయిదుగురు. ఒకరుండొచ్చు, ఇద్దరో ముగ్గురో ఉండొచ్చు, అయిదుగురూ ఉండొచ్చు. నలుగురు మాత్రం కూడదని సూత్రకారులు గీత గీశారు. ఇంత కట్టుదిట్టమైన లెక్కలో ముత్తాతకూ ఋషికీ నడుమ ఒక్క పేరూ లేదు. అన్ని తరాలూ ఖాళీ!

ప్రవర అంటే ఎంచుకోవడం. యజ్ఞంలో అగ్నిని పిలిచేటప్పుడు ఋత్విక్కుల్లో హోత ఈ ఋషుల పేర్లను పైనుంచి కిందికి చెబుతాడు, అధ్వర్యుడు కిందినుంచి పైకి. క్షత్రియ, వైశ్య యజమానులు తమ పురోహితుడి ప్రవరనే చెప్పుకోవచ్చని సూత్రాలు ఒప్పుకున్నాయి. అలాంటప్పుడు దీన్ని రక్తసంబంధాల చిట్టాగా చదివి మీసం మెలేయడం దండగ.

పెళ్లిచూపుల దాకా వచ్చిన సంబంధం కూడా ఒక్కోసారి ప్రవర దగ్గరే ఆగిపోతుంది. అబ్బాయిది పరాశర గోత్రం, అమ్మాయిది కౌండిన్య. వేరే కదా అనుకుంటారు. ఒకరి ప్రవర వాసిష్ఠ, శాక్త్య, పారాశర్య. రెండోవారిది వాసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్య. రెండింట్లోనూ వసిష్ఠుడే, కాబట్టి కుదరదంటారు పెద్దలు. సగోత్ర, సమానప్రవర వివాహాలు చెల్లుతాయని 1946లోనే చట్టం వచ్చింది. అయినా సంబంధం మాట రాగానే ముందు గోత్రమే అడుగుతారు.

గోత్రం తెలియనివారికి కాశ్యప చెప్పడం ఆనవాయితీ. సకల ప్రాణులూ కశ్యప సంతానమే కనుక ఎవరూ బయట మిగిలిపోరు. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి ముందు అర్చనకు నిలబడి గోత్రం తట్టక తల గోక్కునేవారికి ఇంతకంటే ఏం కావాలి?

పందిట్లోకి ఊరినుంచి ఫోను తిరిగొచ్చింది. పెద్దాయనది సింహాద్రి అప్పన్న పేరేనట. పురోహితుడు దానికి సంస్కృత విభక్తి తగిలించి, ఋషుల వెనకాలే చేర్చి మూడుసార్లు చదివాడు. మూడోసారి ముగిసీ ముగియకముందే సన్నాయి అందుకుంది.